గాజుల మిరపకు తెల్ల లైటు

"ఆ లైటు మీద చెయ్యి వెయ్యొద్దు వదినా!"

స్తుతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ రెండు పక్కలా ద్వారబంధానికి ఆనించింది. పెళ్లయిన మూడేళ్లలో ఆడబిడ్డ ముందు ఆమె గొంతు ఇంత పెద్దదవడం ఇదే మొదటిసారి.

శాంతి చేతిలో అట్టపెట్టె ఉంది. తెల్లవారుజామున పర్చూరులో బస్సెక్కి, చిలకలూరిపేటలో ఒకసారి, నరసరావుపేటలో ఒకసారి బస్సు మారి, ఆదివారం ప్రార్థన కూడా మానుకుని, పసిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని సత్తెనపల్లి దాకా తెచ్చిన పెట్టె అది.

"వేస్తే ఏమవుద్ది? కరెంటు కొడుద్దా?"

"మొక్కలు దీనికి అలవాటు పడ్డాయి. ఇప్పుడు మారిస్తే తట్టుకోవు."

"మొక్కలకి అలవాటేంటే? హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేది నేనా, నువ్వా?"

శాంతి ఎవరితో మాట్లాడినా తొమ్మిదో తరగతి పిల్లలతో మాట్లాడినట్టే ఉంటుంది. కట్టుకున్నవాడితోనూ అంతే, కండక్టరుతోనూ అంతే. స్తుతికి అది కొత్త కాదు. అయినా ఈరోజు ఆమె తల దించలేదు.

ఆమె వెనక గదంతా వంగపండు రంగు వెలుగు. ఆ వెలుగులో నాలుగు పెయింటు డబ్బాలు, డబ్బాకొక మిరప మొక్క. కిటికీకి రెండు పొరల సన్నటి వల. వల మీద నల్లగుడ్డ. చుట్టూ ఇన్ని వేల ఎకరాల్లో మిరప పండే ఊళ్లో నాలుగు మొక్కల్ని గదిలో పెట్టి తలుపేసుకుని పెంచుతున్నారంటే కొత్తవాళ్లు నవ్వుతారు. ఊళ్లోవాళ్లు నవ్వరు. నల్లతామర పురుగు వచ్చి చేలకు చేలు ఊడ్చుకుపోయిన ఏళ్లు వాళ్లకి గుర్తే. ఆరుబయట పెడితే ఈ నాలుగూ వారం కూడా మిగలవు.

"పక్కకి జరుగు."

"జరగను."

"ఒరేయ్ శ్యామూ! నీ పెళ్లానికి చెప్పుకో."

శ్యామ్ సుందర్ కోల్డ్ స్టోరేజీలో మోటార్లూ స్విచ్చులూ చూసే మనిషి. స్టూలు ఒక చేత్తో, స్క్రూడ్రైవర్ ఒక చేత్తో పట్టుకుని మధ్యలో నిలబడిపోయాడు. అక్క వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. స్టూలు కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు.

"ముందు ఇద్దరూ చెప్పండి. ఏది మంచిదో తేలాక బిగిస్తాను. ఎక్కి దిగి, ఎక్కి దిగి నా వల్ల కాదు."

"నేను చెబుతా విను," అంది శాంతి. "ఈ ఎరుపూ నీలం కలిపిన లైటు పనికిరాదని నేననలేదు. దాంతోనూ మొక్క పెరుగుద్ది. కానీ దాని కింద ఆకు ఏ రంగులో ఉందో నీకు తెలుసుద్దా? పచ్చగా ఉన్నా నలుపే, పండిపోయినా నలుపే. పురుగొచ్చినా తెలీదు, తెగులొచ్చినా తెలీదు. మా కాలేజీ సారుని అడిగాను, నాలుగు రకాలు చూశాను, వాట్లు చూశాను, ఎంత ఎత్తున కట్టాలో రాయించుకున్నాను. తెల్ల లైటులో అన్ని రంగులూ ఉంటాయి. మొక్కకీ చాలుద్ది, మనిషికీ కనబడుద్ది. మొక్కని చూసుకోడానికి లైటు గానీ, దాచుకోడానికా?"

ఆఖరి మాటకి స్తుతి మొహం పాలిపోయింది. ఆ రంగు వెలుగులో అదీ తెలియలేదు.

"గుంటూరు కొట్టు ఆయన మొక్క తినేది ఎరుపూ నీలమే అన్నాడు," అంది గొంతు తగ్గించి.

"కొట్టు ఆయన అమ్ముకునేవాడు. ఆయనేమంటాడు?"

బయట పంచలో నవారు మంచం మీద జక్రయ్య కూర్చుని ఉన్నాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. నెలన్నర కిందట గుంటూరులో కుడికంటికి ఆపరేషన్ అయింది. లోపల గొడవంతా ఆయనకి వినబడుతూనే ఉంది.  ఆయన పక్కన ఆవకాయ సీసా ఉంది. వచ్చీ రాగానే శాంతి దాన్ని ఆయన చేతుల్లో పెట్టి, "అమ్మ కారంతో పెట్టాను నాన్నా" అని గొప్పగా చెప్పింది. ఆయన వేలి కొనతో కొంచెం తీసి నాలిక మీద రాసుకుని, మూత బిగించి సీసాని పక్కనే పెట్టుకున్నాడు.

అమ్మ కారం అంటే ఆ ఇంట్లో మామూలు మాట కాదు.

జక్రయ్య భార్య ఎలీసమ్మ పోయి ఏడాదిన్నర. కాపురానికి వస్తూ పర్చూరు దగ్గర పుట్టింటి నుంచి ఆమె ఒక మిరప విత్తనం కొంగున కట్టుకొచ్చింది. మొక్క జానెడు ఎదిగిందంటే కణుపు కణుపుకీ గాజు తొడిగినట్టు నల్లటి చుట్టు కనబడుతుంది. అందుకే అది గాజుల మిరప. ముప్పై ఎనిమిదేళ్లు ఏటా పెరట్లో నాలుగు సాళ్లు వేసింది. ఏటా మంచి కాయలు ఏరి గుడ్డసంచిలో కట్టి విత్తనానికి దాచింది. ఆమె తర్వాత ఒక సీజను ఎవరికీ చెయ్యాడక ఏమీ వెయ్యలేదు. సంచి మాత్రం కొక్కేనికి వేలాడుతూ ఉండేది. మొన్న ఫిబ్రవరిలో ఇంటికి కారం పట్టించడానికి వెళ్తూ స్తుతి ఆ సంచి కూడా మిల్లుకి పట్టుకెళ్లింది. ఆమెకి తెలియదు. ఎవరూ చెప్పలేదు.

విత్తనం కారమై తిరిగొచ్చింది.

జక్రయ్య కోడల్ని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే స్తుతి ప్రాణం కుదుటపడేది. ఆయన జల్లెడ తీసుకుని, మొహానికి తువ్వాలు కట్టుకుని, రెండు రోజులు ఆ కారం జల్లించాడు. రోకలి దెబ్బ తప్పించుకున్న గింజలు ముప్పై ఏడు దొరికాయి. నాలుగే మొలిచాయి. ఎలీసమ్మ పోయాక నోట మాట లేకుండా తిరిగిన మనిషి ఆ నాలుగు మొలకలతో మాట్లాడటం మొదలుపెట్టాడు. పొద్దున లేచి గదిలో స్టూలు వేసుకుని కూర్చుని, "ఏమ్మా, లేచారా?" అనేవాడు. తర్వాత కోడల్ని కాఫీ అడిగేవాడు. ఆ తర్వాత ఇడ్లీ అడిగి తినేవాడు. ఇంట్లో మళ్లీ మనిషి అలికిడి వచ్చింది.

జల్లించగా మిగిలిన కారం కళ్ల ముందుంటే నాన్న బాధపడతాడని శాంతే డబ్బాతో సహా పర్చూరు పట్టుకెళ్లింది.

"తేలిందా?" అన్నాడు శ్యామ్.

"తేలింది. తియ్యి అది," అంది శాంతి.

"ఏమండీ, వద్దు," అంది స్తుతి.

శ్యామ్ ఏదో అనబోయాడు. అంతలో కరెంటు పోయింది.

గది ఒక్కసారిగా చీకటయింది. పట్టపగలు పదకొండు గంటలకి ఆ గదిలో చీకటేమిటని శాంతికి అప్పుడు తోచింది. కిటికీ మీద నల్లగుడ్డ.

"పగటి వెలుతురు రాకుండా ఆ గుడ్డెందుకు కట్టావే?"



"ఫీజు పోయిందేమో చూసొస్తా," అని శ్యామ్ వీధిలోకి వెళ్లాడు. స్తుతి చేతులు గుమ్మం మీంచి జారిపోయాయి. శాంతి ఆమెని దాటుకుని లోపలికి వెళ్లి, ఫోను టార్చి వేసి మొదటి డబ్బా మీదకి వంగింది.

ఆకు మంచి పచ్చగా ఉంది. పురుగు లేదు, ముడత లేదు. టార్చి కిందికి దించింది. కాండం మీద, కణుపు దగ్గర. పై కణుపు. ఆ పై కణుపు. రెండో డబ్బా. మూడో డబ్బా. నాలుగో డబ్బా.

మొక్కలు మూరెడు ఎత్తున్నాయి. ఒక్కదానికీ గాజు లేదు.

శాంతి టార్చి ఆర్పేసింది. ఎందుకు ఆర్పిందో ఆమెకే తెలియదు.

"స్తుతీ, ఇవేంటి?" అంది, చాలా మెల్లగా.

చీకట్లో స్తుతి గోడకి జారగిలబడి కింద కూర్చోవడం వినబడింది.

"రోడ్డు మీద నర్సరీలోయి వదినా. కరీమున్ ఆంటీ దగ్గర. ట్రేల్లోంచి నాలుగు మొక్కలు అడిగి తెచ్చా."

"మరి అమ్మవి?"

"చచ్చిపోయినయ్."

వీధిలో శ్యామ్ ఎవరినో అడుగుతున్నాడు, లైను మొత్తం పోయిందా అని. పోయిందంటున్నారు.

"ఎప్పుడు?"

"మామయ్య ఆపరేషన్ రోజు. మీరంతా గుంటూరులో ఉన్నారు. ట్యూబులైటు కింద మొక్కలు సన్నగా దారాల్లాగా సాగిపోతన్నాయి. వెలుగు చాల్లేదనుకున్నా. కోళ్లఫారంలో కోడిపిల్లలకి పెట్టే ఎర్రబల్బు ఉంటే తెచ్చి కట్టా, జానెడు ఎత్తున. వెచ్చగా ఉంటే తొందరగా ఎదుగుతాయనుకున్నా. మధ్యాన్నం ఫోన్లు, మామయ్యని లోపలికి తీసుకెళ్లారు, బయటికి తెచ్చారు అని. గదిలోకి వెళ్లనేలేదు. సాయంత్రం చూస్తే నాలుగూ కాలి వాలిపోయినయ్. నీళ్లు పోశా. గొడుగు పట్టినట్టు చెయ్యి అడ్డం పెట్టా. లేవలేదు."

"చెప్పొచ్చు కదే?"

"ఎలా చెప్పను? కంటికి కట్టుతో వచ్చారు. నెల రోజులు కన్నీళ్లు రాకూడదు, కన్ను పోద్దని డాక్టరు గారు చెప్పారు కదా. ఏడవకూడని మనిషికి ఏం చెప్పను వదినా?"

శాంతికి కోపం ఎక్కడిదక్కడ ఆగి, మళ్లీ వచ్చింది.

"కట్టు విప్పాక?"

"అప్పుడు మళ్లీ పొద్దునే వచ్చి వాటితో మాట్లాడటం మొదలెట్టారు."

"అందుకని ఈ లైటు తెచ్చావు. కణుపులు కనబడకుండా."

"అవును."

"అమ్మని తీసుకెళ్లి మిల్లులో వేశావు. మిగిలింది బల్బు పెట్టి కాల్చావు. ఇంకెవరినో తెచ్చి అమ్మ స్థానంలో కూర్చోబెట్టావు."

అనకూడని మాట. అన్నాక శాంతికీ తెలిసింది. స్తుతి మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

"నిన్న రెండు ఇడ్లీలు అడిగి వేయించుకున్నారు వదినా," అంది. "ఈ లైటు మహత్యం, ఎంత తొందరగా ఎదిగినయ్యో చూడమ్మా అని నన్ను మెచ్చుకున్నారు. ఎదగవా మరి? నర్సరీ నారు. మెచ్చుకున్నప్పుడల్లా నాకు చచ్చిపోవాలనిపిస్తది."

శాంతికి చేతిలో అట్టపెట్టె ఒక్కసారిగా బరువనిపించింది. ఇందాకటిదాకా అది మంచి లైటు. ఇప్పుడది వెలిగిందంటే తండ్రికి అంతా తెలిసిపోతుంది. వెలిగించకపోతే తనూ ఈ అబద్ధంలో భాగస్తురాలే. జీవితంలో ఒకరి తప్పు దిద్దడమే తప్ప దాచడం ఆమెకి చేతకాదు. ఇప్పుడే నేర్చుకోవాలా అనుకుంది.

పైన టిక్కుమంది. గది మళ్లీ వంగపండు రంగుకి తిరిగింది. కరెంటు వచ్చింది.

"శ్యామూ!" పంచలోంచి జక్రయ్య కేకేశాడు. "మీ అక్క తెచ్చింది బిగించలేదేంట్రా ఇంకా?"

"మొక్కలు అలవాటు పడ్డాయి నాన్నా!" అంది శాంతి గబగబా బయటికొచ్చి. "ఇప్పుడు మార్చొద్దులే. ఇంకో నెల పోనీ."

శ్యామ్ నోరు తెరుచుకుని అక్క వైపు చూశాడు. "ఇందాకేం చెప్పావక్కా నువ్వు?"

"ఇప్పుడిది చెబుతున్నా."

"మొక్కలకి అలవాటేంటమ్మా?" అని నవ్వాడు జక్రయ్య. నవ్వుతూనే లేచాడు. "నేను విన్నాను నువ్వు చెప్పింది. బాగా చెప్పావు. తెల్ల వెలుతురే కావాలి. నిన్న డాక్టరు గారు ఈ నల్లద్దాలు తీసెయ్యమన్నారు. కన్ను ఎంత బాగా ఆనుతుందనుకున్నావు? గోడ మీద చీమ కనబడతంది. ఇంత ఎత్తు ఎదిగినయ్ కదా, గాజులు వచ్చుంటయ్. నేనింతవరకూ చూడలేదు. మీ అమ్మ చేతి గాజుల్లాగా ఉంటయ్యవి."

నల్లకళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ కళ్ల వైపు శాంతి చూడలేకపోయింది.

"నాన్నా, అన్నం తిన్నాక చూద్దువులే."

"చూశాక తింటా."

శ్యామ్ స్టూలెక్కాడు. అతనికి ఏమీ తెలియదు. పాత లైటు విప్పి కింద పెట్టాడు. శాంతి పెట్టె విప్పి కొత్తది అందించాల్సి వచ్చింది. మూరెడు పొడవు, తెల్లటి పలక, దాని నిండా చిన్న చిన్న గింజల్లా లైట్లు. కాగితం మీద రాసుకొచ్చినట్టే మొక్క తలకి అడుగున్నర ఎత్తున కట్టించింది. కట్టిస్తున్నంతసేపూ తీగ తెగిపోతే బాగుండును, కరెంటు మళ్లీ పోతే బాగుండును అనుకుంటూనే ఉంది. స్తుతి మూలన నిలబడింది. ఆమె దేనికీ అడ్డం చెప్పలేదు.

"వెయ్యరా."

శ్యామ్ స్విచ్చి వేశాడు.

గదంతా ఎండ పడ్డట్టు తెల్లగా అయింది. మొక్కలు పచ్చగా, నున్నగా, ఏ లోటూ లేకుండా నిలబడ్డాయి. "అబ్బ, ఎంత బాగున్నయ్యో!" అన్నాడు శ్యామ్. అతనొక్కడే అన్నాడు.

జక్రయ్య మొదటి డబ్బా దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మూడో కణుపు మీద బొటనవేలు ఆనించాడు. నాలుగో కణుపు. అయిదో కణుపు. ఒక ఆకు తిప్పి అడుగు చూశాడు. చిదిమి వాసన చూశాడు. రెండో డబ్బా దగ్గరికి జరిగాడు. లేచి నడవలేదు, కూర్చునే జరిగాడు, చేలో సాలు వెంట జరిగినట్టు.

ఆయన ముప్పై ఏళ్లు విత్తనాల చేలల్లో మేస్త్రీ. ఒక జాతి విత్తనం కోసం వేసిన చేలో ఇంకో జాతి మొక్క కనబడితే దాన్ని కేళీ అంటారు. కేళీ ఎంత బాగా కాసినా పీకి పారెయ్యాల్సిందే. ఒక్కటి మిగిలినా చేను విత్తనానికి పనికిరాదు. పీకడానికి మనసొప్పక ఎవరైనా కూలి మనిషి ఆగితే, "జాలి పడితే జాతి పోద్దమ్మా" అని ఆయనే వెళ్లి పీకేవాడు.

నాలుగో డబ్బా దాకా వెళ్లాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు.

"ఏ నర్సరీవమ్మా?" అన్నాడు. తల తిప్పలేదు.

శ్యామ్‌కి అర్థం కాలేదు. "నర్సరీ ఏంటి నాన్నా?"

"కరీమున్ ఆంటీ దగ్గర తెచ్చా మామయ్యా," అంది స్తుతి. దాచడానికి ఇంక ఏ లైటూ లేదు. "మనవి కాలిపోయినయ్. నేనే కాల్చేశా. మీ ఆపరేషన్ రోజు."

"ఊఁ."

అంతే అన్నాడు. శ్యామ్ స్టూలు దిగాడు. పెళ్లాం వైపు రెండడుగులు వేశాడు. శాంతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పొద్దున్నుంచి తండ్రి కోసం కాక స్తుతి కోసమే ఆమె చేసింది ఆ ఒక్కటే.

"బాగా పెంచావమ్మా," అన్నాడు జక్రయ్య. "నీళ్లు సరిగ్గా పెట్టావు, ఎరువు సరిగ్గా వేశావు. వంక పెట్టడానికి లేదు."

స్తుతి గుండెల మీద చెయ్యి పెట్టుకుంది.

"కానీ కేళీ," అన్నాడాయన.

మొదలు దగ్గర పట్టుకుని పీకాడు. మట్టి రాలేట్టు డబ్బా అంచుకి ఒకసారి కొట్టి పక్కన పెట్టాడు. మూడో డబ్బా, "కేళీ." రెండోది. ఆ మొక్కకి అప్పుడే రెండు మొగ్గలున్నాయి. ఆయన చూశాడు. దాన్నీ పీకాడు. మొదటిది పీకి, నాలుగింటినీ వేళ్లన్నీ ఒకవైపు వచ్చేట్టు వరసగా పరిచాడు. చేలో ఎప్పుడూ అలాగే పరిచేవాడు, లెక్క చూసుకోవడానికి. నలభై రోజులు వాటికి రోజుకి పద్నాలుగు గంటలు లైటు వేసి ఆర్పిన మనిషి మూలన నిలబడి చూస్తోంది.

ఏడుస్తాడనుకున్నారు. ఏడవలేదు. అరుస్తాడనుకున్నారు, అదీ లేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, పైన వెలుగుతున్న లైటు వైపు, తర్వాత కూతురి వైపు చూశాడు. ఆయన మొహంలో ఉన్నట్టుండి ఒక ఆశ కనబడింది. శాంతికి అది చూసే భయం వేసింది.

"నేనప్పుడు మసక కంటితో జల్లించానమ్మా," అన్నాడు. "పొర అడ్డం పడి సగం కనబడేది కాదు. వేలితో తడిమి ఏరాను. ముప్పై ఏడే దొరికినయ్యంటే ఇంకా కొన్ని వదిలేసుంటాను. తప్పకుండా వదిలేసుంటా. ఇప్పుడు కన్ను బాగుంది, ఈ లైటుంది. ఆ కారం డబ్బా నీ దగ్గరే ఉంది కదా? రేపు బస్సుకి ఇచ్చి పంపించు. నేను మళ్లీ చూస్తా."

శాంతి ఖాళీ అట్టపెట్టె మూత మూసింది. 

"ఎంత మిగిలిందమ్మా? అరడబ్బా ఉందా?"

"నాన్నా..."

"కొంచెమైనా పర్లేదు. అడుగున ఉన్నా సరే."

"లేదు నాన్నా."

"లేదంటే?"

"అంతా ఆవకాయలో వేసేశాను. డబ్బా దులిపి మరీ వేశాను." శాంతి చూపు పంచలో సీసా వైపు పోయింది. "అమ్మ కారంతో అందరికీ ఆవకాయ పెడదామనుకున్నా. బాగుంటుందనుకున్నా."

గదిలో నలుగురూ నిలబడి ఉన్నారు. కోడలు తెలియక మిల్లుకి తీసుకెళ్లింది. కూతురు ప్రేమకొద్దీ జాడీకెత్తింది. స్తుతి తల ఎత్తి ఆడబిడ్డ వైపు చూసింది. ఆ చూపులో ఎత్తిపొడుపు ఉంటే శాంతి భరించేది. లేదు. ఉత్త జాలి.

జక్రయ్య పంచలోకి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఆవకాయ సీసా ఉంది.

"పెద్ద స్టీలు పళ్లెం తే అమ్మా," అన్నాడు కోడలితో.

"ఏం చేస్తావు నాన్నా?" అన్నాడు శ్యామ్.

"ఇది కూడా ఆ కారమేగా."

"నాన్నా, అది నెల రోజుల్నుంచి ఉప్పులో నూనెలో ఊరుతోంది," అంది శాంతి.

"తెలుసు."

"కారం దగ్గరికి వెళ్లొద్దన్నారు. కంట్లో పడిందంటే..."

"తెలుసమ్మా."

పళ్లెం వచ్చింది. తెల్ల లైటు కింద, ఖాళీ డబ్బాల మధ్య ఆయన బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. సీసా వంచాడు. ఎర్రటి నూనె, మామిడి ముక్కలు, ఆవపిండి, వెల్లుల్లి పళ్లెం నిండా పరుచుకున్నాయి. మొక్కల కోసం తెచ్చిన లైటు కదా, నూనెలో ప్రతి నలుసూ కనబడుతోంది. ఆయన చూపుడు వేలితో ముక్కల్ని ఒక్కొక్కటే పక్కకి జరపడం మొదలుపెట్టాడు. పిండిని వేలితో నలిపి చూస్తున్నాడు. పగిలిన గింజ, సగం గింజ, తొక్క, మళ్లీ పగిలిన గింజ.

ఉప్పులో ఊరిన గింజ మొలవదని ఆ ఇంట్లో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఎవరైనా ఆ మాట అంటే బాగుండును. శాంతి అనలేకపోయింది. మొహం తిప్పుకుని కిటికీ మీది నల్లగుడ్డ లాగేసింది. శ్యామ్ పాత లైటు చేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

స్తుతి మామగారి ఎదురుగా కూర్చుంది. కాసేపు చూసి, తనూ పళ్లెంలో వేలు పెట్టింది. ఆయన వద్దనలేదు.

కారం ఘాటుకి ఇద్దరి కళ్లూ నీళ్లు కారుతున్నాయి. ఆయన మోచేత్తో కన్ను తుడుచుకోబోతే స్తుతి ఆ చెయ్యి పట్టుకుని ఆపి, తన పవిటతో తుడిచింది.

అరగంట అయింది. అన్నం చల్లారిపోయిందని ఎవరూ అనలేదు.

"ఇదుగో," అన్నాడు జక్రయ్య.

వేలి కొన మీద నూనెలో తడిసి మెరుస్తూ ఒక గింజ. గుండ్రంగా, ఎక్కడా పగలకుండా, నిండుగా ఉంది. తెల్ల లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.  ఆ చెయ్యి కోడలి వైపు చాపాడు.

"కడిగి తడిబట్టలో చుట్టమ్మా. ఈసారి నువ్వే చూసుకో. మొలక రాగానే నన్ను లేపు."

స్తుతి దోసిలి పట్టింది. గింజ ఆమె అరచేతిలో పడింది. ఆమె వదిన వైపు చూసింది. వదిన ఇటు తిరగలేదు.

మిరప గింజ మొలకెత్తడానికి ఎనిమిది రోజులు పడుతుంది. ఎనిమిదో రోజు పొద్దున ఆయన స్టూలు వేసుకుని కూర్చుని, బట్ట విప్పమంటాడు. మొలకకి ఇంకా గాజులుండవు. కరీమున్ నర్సరీ రోడ్డు దాటితే ఉంది.

స్తుతి గుప్పెట మూసి నీళ్ల బిందె దగ్గరికి నడిచింది.